ఆకు బొమ్మ గ్లాసులు

మా ఆఫీసులో కాగితం గ్లాసులు ఎత్తేశారు. దానివల్ల భూమికేం ఒరిగిందో నాకు తెలీదు గానీ, మా ఇంటికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. స్టీలు గ్లాసులొస్తే కడిగే మనిషి కావాలి. నేనక్కడ టీ మాస్టర్ని. ఆ పని మా చెల్లెలికి ఇప్పించమని క్యాంటీన్ మేనేజరు కాళ్లావేళ్లా పడ్డాను.

కుట్టు కంపెనీ మూతపడ్డాక చెల్లెలు మా ఇంట్లోనే ఉంటోంది. మా ఆవిడ పల్లెత్తు మాట అనదు గానీ గిన్నెలు గట్టిగా పెడుతుంది. ఆ చప్పుడుకి చెల్లెలు రెండోసారి వడ్డించుకోవడం మానేసింది. పనిలో చేరిన వారానికే వదినతో వాదన పెట్టుకుంది, కిటికీ తెరవాలా వద్దా అని. ఆ వాదన వింటుంటే నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. చివరికి కిటికీ తెరిపించింది కూడా.

గ్లాసుల ఆలోచన పెద్దసారుది. మేం వెనకాల ఆయన్ని పచ్చాయన అంటాం. మీటింగులో చెట్ల గురించి మాట్లాడుతుంటే ఆయన కళ్లు చెమర్చేవి. అబద్ధం ఎందుకు, మనిషి మంచివాడు. మాకొచ్చిన చిక్కే అది, నోరారా తిట్టుకోవడానికి కూడా లేదు.

ఇక మిగతా మహానుభావులున్నారు. తాగిన గ్లాసే మళ్లీ వాడాలంటే వాళ్లకి నామోషీ. టీకి ఒకటి, నీళ్లకి ఒకటి, మాత్ర వేసుకోవడానికి ఇంకొకటి. చేయి అలవాటు కొద్దీ స్టీలు గ్లాసుని చెత్తబుట్టలో పడేసినవాళ్లూ ఉన్నారు. పైగా సబ్బు వాసనొస్తోందని ఫిర్యాదు. వాసన పోయేదాకా చెల్లెలు కడుగుతూనే ఉండేది. మధ్యాహ్నానికి ట్యాంకు ఖాళీ. నీళ్ల లారీ వచ్చి సరిగ్గా పచ్చాయన కిటికీ కిందే పొగ వదిలేది.

ఆయనోసారి సింకు దగ్గరికొచ్చాడు. "ఇన్ని నీళ్లు పడతాయామ్మా?"

"తగ్గిస్తే వాసనొస్తోందంటున్నారు సార్."

"అదీ నిజమే," అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు.

ఆ మాట చెల్లెలి మనసులో పడింది. కుట్టు కంపెనీ నుంచి తెచ్చుకున్న దారం ముక్కలు తీసి, ఒక్కొక్కరి గ్లాసుకి ఒక్కో రంగు కట్టింది. ఎవరి గ్లాసు వాళ్లు గుర్తుపట్టి రోజంతా అదే వాడుకుంటారని. మా ఆవిడ పక్కన కూర్చుని రంగులు ఏరిపెట్టింది. ఇద్దరూ నవ్వుకుంటుంటే చూసి, ఇక ఫర్వాలేదనుకున్నాను.

ముచ్చట మూడు రోజులైనా సాగలేదు. తడి దారం అసహ్యంగా ఉందన్నారెవరో. సాయంత్రానికి దారాలన్నీ తెంపి టేబుల్ మీద కుప్పపోశారు. చెల్లెలు వాటిని ఏరి చీర కొంగులో ముడేసుకుంది. నాకు ఒళ్లు మండింది గానీ, టీ పోసేవాడి ఒళ్లు మండితే ఎవరిక్కావాలి?

ఎండలు ముదిరి లారీల రాక ఎక్కువయ్యాక అట్టపెట్టెలు దిగాయి. నిండా కాగితం గ్లాసులు. ఒక్కోదాని మీద ఆకు బొమ్మ, కింద 'నీటిని కాపాడుదాం' అని. పచ్చాయన అవే తడి కళ్లతో మీటింగు పెట్టి చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక నిలబడిన మా చెల్లెలు కూడా తడి చేతులతోనే కొట్టింది. ఆ గ్లాసులొచ్చాయంటే తన పని పోయినట్టేనని మేనేజరు చెప్పేదాకా ఆమెకి తట్టలేదు.

మళ్లీ మేనేజరు కాళ్లావేళ్లా పడ్డాను. "కడగడానికి ఏముందని పెట్టుకోమంటావు?" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో నేనే టీ పెట్టాను. మా ఆవిడ గిన్నెలు చప్పుడు కాకుండా సర్దుతోంది. అది ఇంకా కష్టంగా ఉంది. చెల్లెలికి గ్లాసు అందించబోయాను.

"నాకొద్దన్నయ్యా."

"ఎందుకే?"

"మళ్లీ ఇంకో గ్లాసు కడగాలి. నీళ్లు దండగ."

"తాగమ్మా, నేను కడుగుతాలే," అంది మా ఆవిడ, నిజంగా ప్రేమగానే. చెల్లెలు తల అడ్డంగా ఊపింది. గది ఉడికిపోతోంది. మూసిన కిటికీ పక్కనే ఒదిగి కూర్చుంది గానీ, తెరవమని అడగలేదు.