దాటేసిన అధ్యాయం

శనివారం మధ్యాహ్నం భోజనమయ్యాక రీకెల్ట్ బైబిలు తెరిచి మత్తయి పంతొమ్మిదో అధ్యాయం మొదలుపెట్టగానే అతని భార్య ఫ్రౌకె తలెత్తి చూసింది. పొద్దున చదివింది పదిహేడు. ఆ జాలర్ల దీవిలో ఊయల్లో పిల్లలు తప్ప ఎవరూ ఆ వరుస తప్పరు. భోజనానికొక అధ్యాయం. వంశావళుల పేర్లొచ్చినా సరే, కుష్ఠు రోగపు నియమాలొచ్చినా సరే. చదవకుండా లేస్తే తిన్నది వంటబట్టదని వాళ్ళ నమ్మకం. తుఫానులో పడవ బొంగరంలా తిరుగుతున్నా గోడకు నడుం ఆనించి చదివిన మనిషి రీకెల్ట్. అలాంటివాడు తన ఇంట్లో, తన బల్ల దగ్గర, ఒక అధ్యాయం దాటేశాడు.

పొరపాటున కాదు. పద్దెనిమిదిలో ఏముందో ఫ్రౌకెకు బాగా తెలుసు. సహోదరుణ్ణి ఎన్నిసార్లు క్షమించాలని శిష్యుడు అడిగేది అందులోనే.

రెండు గంటల ముందు రేవులో నిజం బయటపడింది. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు యెల్లె చలికాలంలో వలతాడు కాలికి చుట్టుకుని సముద్రంలో పోయాడు. ఆ రోజు వల లాగే యంత్రం దగ్గరున్నది రీకెల్ట్ తమ్ముడు లుబ్బర్ట్. కుర్రాడి కాలు జారిందన్నాడు, ఎనిమిది నెలలు అందరూ నమ్మారు. ఇవాళ పడవలో పనిచేసే ముసలాయన కడుపులో దాచుకోలేక కక్కేశాడు. ఆ పూట లుబ్బర్ట్ జిన్ను సారా సీసా ఖాళీ చేశాడట. యెల్లె "ఆపు బాబాయ్, ఆపు" అని అరుస్తున్నా యంత్రం ఆపలేదట.

"ఒకటి దాటేశావు" అని ఫ్రౌకె అనొచ్చు. కానీ ఆ అధ్యాయం వినాలని ఆమెకూ లేదు. కన్నకడుపు మంటను వాక్యం చల్లారుస్తుందని పాస్టరుగారు చెబుతారు. ఆయన పిల్లలు నలుగురూ నిక్షేపంగా ఉన్నారు మరి.

చదవడం ముగించి రీకెల్ట్ చేపలు కోసే కత్తి అందుకున్నాడు. అంతలో తలుపు తోసుకుని లుబ్బర్టే వచ్చాడు. పెళ్ళీ పెటాకులూ లేనివాడు, శనివారం తిండి ఎప్పుడూ అన్న ఇంట్లోనే. ఇవాళ మాత్రం అన్నావదినలు తిన్నాక వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అన్నా, వదినా, ముసలాయన చెప్పింది నిజమే. తాగానన్నా. నేనే..."

"నోర్ముయ్!" రీకెల్ట్ లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. "పసివాడి కేక వినబడలేదు గానీ సీసా మోత వినబడిందట్రా నీకు?"

మొదటి దెబ్బకే ముక్కెముక విరిగింది. రెండో దెబ్బకు లుబ్బర్ట్ బల్లమీద పడ్డాడు. బంగాళాదుంపల గిన్నె, చేపముళ్ళ కంచాలు, మజ్జిగజావ అన్నీ నేలపాలయ్యాయి. కత్తి ఒకసారి లేచి దిగింది. చెవి దగ్గర్నుంచి దవడదాకా చర్మం తెగి రక్తం కారింది.

"చంపేయ్ అన్నా," అన్నాడు లుబ్బర్ట్, చెయ్యి కూడా అడ్డం పెట్టకుండా.

"చంపక? ముద్దు పెట్టుకుంటాననుకున్నావా?"

కత్తి జారిపోయింది. రీకెల్ట్ తమ్ముడి తల పొయ్యి అంచుకేసి రెండుసార్లు కొట్టి, రెండు చేతులా గొంతు బిగించాడు. లుబ్బర్ట్ మడమలు నేలను తన్నుకున్నాయి. మొహం నల్లబడింది.

ఇంకొంచెం బిగించు, అనుకుంది ఫ్రౌకె.

ఆ మాట తన లోపల్నుంచే వచ్చిందని ఆమెకు తెలిసింది. హంతకుడు ఈ ఇంట్లో రీకెల్ట్ ఒక్కడే కాదు, తనూ. గబుక్కున బైబిలు లాక్కుని పద్దెనిమిదో అధ్యాయం తీసి గొంతు చించుకుని చదవసాగింది. ఆ ఇంట్లో ఆడది బల్ల దగ్గర చదవడం అదే మొదలు.

"ఆపవే!" అన్నాడు రీకెల్ట్, పట్టు వదలకుండా.

"ఆపను! నువ్వు దాటేసింది నేను చదువుతున్నా. కొడుకు నీకొక్కడికే పోయాడా?"

పిల్లవాడి సంగతి చదివింది, తప్పిపోయిన గొర్రె సంగతి చదివింది. ఊపిరి తీసుకోకుండా పరుగెత్తింది. రాజు దయతో పెద్ద అప్పు మాఫీ అయిన పనివాడు బయటికొచ్చి, చిన్న బాకీ కోసం తోటివాడి గొంతు పట్టుకున్న చోటికి వచ్చింది. రీకెల్ట్ తన చేతుల వంక చూసుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటే విడిచాయి. లుబ్బర్ట్ దగ్గుతూ, రక్తం కక్కుతూ పక్కకు దొర్లాడు. రీకెల్ట్ పొయ్యికి చేరగిలబడి, కొడుకు పోయాక మొదటిసారి, బావురుమన్నాడు.

ఆమె చదువుకుంటూ చివరిదాకా వచ్చింది. ఇంకొక్క వాక్యం మిగిలింది, సహోదరుణ్ణి మనసారా క్షమించమనేది. ఫ్రౌకె నోరు తెరిచింది. రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. నాలుక అంగిటికి అంటుకుపోయింది.

"ఈ చివరి మాట నా నోట రావట్లేదు, లుబ్బర్ట్. నిన్ను చూస్తే వాడి కేకే వినబడుతోంది. దేవుడి పుస్తకాన్ని అబద్ధంగా చదవలేను."

"చదవొద్దు వదినా. నేను పోతా. మళ్ళీ మీ గడప తొక్కను."

"ఎక్కడికి పోతావ్? ఆ మొహం కడుక్కో, గుడ్డ కడతా. రేపు భోజనానికి రా. రేపూ ఇదే అధ్యాయం, ఎల్లుండీ ఇదే. నా నోట వచ్చేదాకా ఈ ఇంట్లో ఇంకో అధ్యాయం లేదు."

"నేను రాలేకపోతే?"

"ఈ పుస్తకం చంకనపెట్టుకుని నీ ఇంటికే వస్తా," అంది ఫ్రౌకె. "నిన్ను మాత్రం వదలను."