చుట్టాల బడి చరిత్ర

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా స్టాఫ్‌రూమంతా అంటుంది. ఉంటే ఉండనీ. సోషల్ చెప్పే టీచరుకు ఆ మాత్రం కోపం లేకపోతే చరిత్రలో రాజులందరూ చెట్లు నాటించి బావులు తవ్వించినవాళ్ళే అయిపోతారు.

మాది మెదక్‌లో కోట కిందున్న సర్కారు హైస్కూలు. రెండేళ్ళ కిందట మా బడికి జర్మనీలో హోల్డెన్‌బ్రున్ అనే చిన్న ఊరి బడితో స్నేహం కుదిరింది. మన హైస్కూలునీ ఇంటర్ కాలేజీనీ ఒక్కచోట కలిపితే ఎలా ఉంటుందో ఆ బడి అలాంటిది. ఆ స్నేహానికి ఒక షరతు ఉంది. వాళ్ళ బడి చరిత్ర మన పిల్లలు మన ఊరివాళ్ళకి చెప్పాలి, మన బడి చరిత్ర వాళ్ళ పిల్లలు వాళ్ళ ఊరివాళ్ళకి చెప్పాలి. ఎవరి గురించి వాళ్ళే చెప్పుకుంటే డప్పు కొట్టుకోవడం తప్ప ఏమీ మిగలదని అక్కడి టీచరు కత్రీన్ ఈ పద్ధతి పెట్టింది. ఆ ఒక్క మాటతో ఆవిడ నాకు తెగ నచ్చేసింది.

మా తరఫున చెప్పేది పదో తరగతి జోహా. వాళ్ళ నాన్నకి బస్టాండు దగ్గర మిక్సీలు, స్టవ్వులు బాగుచేసే దుకాణం ఉంది. వాళ్ళమ్మ సాబెరా ఇంట్లో మిషను కుడుతుంది. ఇంట్లో ఉర్దూ, బళ్ళో తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడే పిల్ల. వీడియో కాల్లో అందరూ "మీ దగ్గర మంచు పడుతుందా, మీరేం తింటారు" అని అడుగుతుంటే, జోహా మాత్రం "మీ బడి ఎప్పుడన్నా మూతబడ్డదా? ఎందుకు?" అని అడిగింది. ఆ రోజే నేను నిర్ణయించేసుకున్నాను. అవతల జవాబు చెప్పిన పిల్ల పేరు లిల్లీ. అప్పటినుంచి వాళ్ళిద్దరూ జిగ్రీ దోస్తులు.

ఆ బడి కథ వింటుంటే నాకే ముచ్చటేసింది. మొదట్లో అది చర్చి పక్కన ఒకే ఒక్క గది. పేద పిల్లలు పొద్దున్నే వీధి వీధీ తిరిగి ఇళ్ళ ముందు పాటలు పాడి, పెట్టింది తిని చదువుకునేవాళ్ళట. మనవాళ్ళు వారాలు చేసుకుని చదువుకున్నట్టే. తర్వాత ఊళ్ళో మంటలు లేచి బడి కాలిపోతే, ఉప్పు వ్యాపారులు తమ గోదాము ఖాళీ చేసి ఇచ్చారు. ఏళ్ళ తరబడి పిల్లలు ఉప్పు బస్తాల వాసనలో లాటిన్ వల్లె వేశారు. ఆడపిల్లల్ని చేర్చుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది. మొదట వచ్చిన ఇద్దరమ్మాయిలకు కూర్చోవడానికి బెంచీ ఇవ్వలేదు. వాళ్ళు కిటికీ గట్టు మీద కూర్చుని చదివి, పరీక్షలో మగపిల్లలందరినీ వెనక్కి నెట్టారు.

ఇప్పుడు అక్కడ పిల్లల ప్రతినిధి టీచర్ల మీటింగులో కూర్చుంటుంది. "సార్, మీరు చెప్పింది తప్పు" అని పిల్లవాడు లేచి అంటే సారు థాంక్స్ చెప్పి బోర్డు మీద దిద్దుకుంటాడు. ఈ ముక్క మా స్టాఫ్‌రూములో చెబితే ఎవరికీ అంతగా రుచించలేదు.

ఈ జనవరిలో కత్రీన్, లిల్లీ, ఇంకొందరు పిల్లలు మెదక్ వచ్చారు. మా హెడ్మాస్టరు మదన్ మోహన్ సారు ఆ వారమంతా పెళ్ళికూతురి తండ్రిలా తిరిగాడు. కోట ఎక్కించాడు, చర్చి చూపించాడు, సర్వపిండి తినిపించాడు. ఒక జర్మన్ పిల్లవాడికి కారం నషాళానికి అంటితే తనే మజ్జిగ గ్లాసు పట్టుకుని పరుగెత్తాడు. నోరారా పలకరించే మనిషి. నాకు ఆయన మీద గౌరవం ఉంది. ఆయనతో గొడవపడని వారం కూడా లేదు.

ఊరివాళ్ళ ముందు ఆ చరిత్ర చెప్పే సభ మర్నాడనగా, సారు తన గదిలో నా ముందే జోహా చేత మొత్తం చెప్పించుకున్నాడు. ఉప్పు గోదాము దగ్గర నవ్వాడు. కిటికీ గట్టు దగ్గర "శభాష్" అన్నాడు. ఆ తర్వాత జోహా, హిట్లర్ కాలం దగ్గరికి వచ్చింది. ఒక నవంబరు పొద్దున ఆ బడి ప్రిన్సిపాలు తరగతి తరగతికీ వెళ్ళి, యూదుల పిల్లల్ని పేరు పేరునా పిలిచి, సంచులు తీసుకుని ఇంటికి పొమ్మన్నాడని చెప్పింది.

సారు చెయ్యెత్తి ఆపాడు.

"గా ముచ్చట వద్దు బిడ్డా. తీసెయ్యి."

"ఎందుకు సార్?" అంది జోహా.

"ఇంటికొచ్చిన చుట్టాలను ముంగట కూసోవెట్టుకొని వాళ్ళింటి గుట్టు ఇప్పుతమా? ఊరోళ్ళంత ఉంటరు. పిల్లలు తలకాయ దించుకోవాల్నా? ఉప్పు గోదాం చెప్పు, ఆడపిల్లల ముచ్చట చెప్పు. మస్తుంటది."

నాకు ఒళ్ళు మండింది. "సార్, ఆ గుట్టు వాళ్ళే చెప్పిండ్రు మనకు. వాళ్ళకు లేని పరేషాన్ మనకెందుకు?"

"ఫోన్ల చెప్పుడు వేరే, మైకుల చెప్పుడు వేరే టీచర్. మర్యాదని ఒకటుంటది."

"పోనీ కత్రీన్ మేడమ్‌నే అడుగుదాం."

"అడుగుడు ఇంకా అధ్వానం. 'మీ ఇజ్జత్ తియ్యాల్నా వద్దా' అని అడుగుతరా ఎవరన్నా?"

జోహా నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "సార్, నేను లిల్లీకి మాటిచ్చిన" అంది.

ఆ మాటేమిటో నాకు తెలుసు. లిల్లీ వాళ్ళ ముత్తవ్వ ఆ పొద్దున ఆ బడిలోనే, ఒక తరగతిలో ఉంది. ఆమె పక్కన కూర్చునే రూత్ అనే అమ్మాయిని పేరు పెట్టి పిలిచారు. రూత్ సంచీ తీసుకుని లేచింది. బెంచీ చివర కూర్చున్న ముత్తవ్వ, ఆమె బయటికి వెళ్ళడానికి కాళ్ళు పక్కకు జరిపింది. అంతే. ఒక్క మాట అనలేదు. రూత్ మళ్ళీ కనబడలేదు. ముసలితనంలో, పేర్లన్నీ మరిచిపోయిన రోజుల్లో కూడా, "నేను కాళ్ళు పక్కకు జరిపాను" అని ఆమె అంటూనే ఉండేదట. అది మెదక్‌లో అందరూ వినేలా చెప్పమని లిల్లీ అడిగింది. చెప్తానని జోహా ఒట్టు పెట్టింది.

సారు ఒక ఉపాయం చెప్పాడు. అది వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సభలో జోహా తెలుగులో చెబుతుంది, నేను ఒక్కొక్క భాగాన్నీ అతిథుల కోసం ఇంగ్లీషులో చెప్పాలి. "పిల్ల మాట పోవద్దు. తెలుగుల మొత్తం చెప్పనీ. గా ఒక్క భాగం మీరు ఇంగ్లీష్ల చెప్పకుండ్రి. మనోళ్ళకు తెలుస్తది, వాళ్ళకు తెల్వది. ఎవరి ఇజ్జత్ పోదు."

"అంటే వాళ్ళ ముంగటనే కూసొని వాళ్ళ ఎనుక ముచ్చట చెప్పుకున్నట్టు సార్" అన్నాను.

"టీచర్, నేను హెడ్మాస్టర్‌గ చెప్తున్న. లేదంటే ఇంకో పిల్లతోని చెప్పిస్త."

జోహా చున్నీ సర్దుకుంది. "సరే సార్. ఇంగ్లీష్ల వద్దు" అంది. అంత తేలిగ్గా ఒప్పుకుందేమిటని నాకు ఆ పిల్ల మీద కూడా కోపం వచ్చింది. ఇంటికి పోయి ఆ కోపమంతా గిన్నెల మీద చూపించాను.

మర్నాడు బడి ఆవరణంతా షామియానా. ముందు వరసలో కత్రీన్, ఆమె పిల్లలు, మెడలో బంతిపూల దండలు. వెనక మా పిల్లల తల్లిదండ్రులు. సాబెరా బుర్ఖా ముసుగు వెనక్కి వేసుకుని, కూతుర్ని చూడటానికి రెండో వరసలో కూర్చుంది. పనులు మానుకుని ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు.

జోహా మొదలుపెట్టింది. అరే, ఎంత బాగా చెప్పిందనీ! పాటలు పాడి అడుక్కున్న పిల్లల దగ్గర వెనక వరసల్లో చప్పుళ్ళు ఆగిపోయాయి. కిటికీ గట్టు మీది అమ్మాయిలు పరీక్షలో గెలిచారనగానే మా ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను ఇంగ్లీషులో చెబుతుంటే అతిథులు నవ్వారు. నా విద్యార్థి అని నా గుండె ఉప్పొంగింది.

అప్పుడు ఆ నవంబరు పొద్దు వచ్చింది. జోహా తెలుగులో చెప్పింది. సంచులు తీసుకుని లేచిన పిల్లల గురించి చెప్పింది. కాళ్ళు పక్కకు జరిపిన అమ్మాయి గురించి చెప్పింది. షామియానా కింద ఎవరూ కదల్లేదు. సాబెరా నోటికి ముసుగు అంచు అడ్డం పెట్టుకుంది.

నా వంతు వచ్చింది. మైకు ముందు నోరు మూసుకుని నిలబడ్డాను. నా ఉద్యోగంలో అంత సిగ్గుపడ్డ నిమిషం ఇంకొకటి లేదు. కత్రీన్ నా వైపు, ఏమైంది అన్నట్టు చూసింది. పిల్లలు మొహాలు చూసుకున్నారు. సారు తన చేతులు చూసుకుంటున్నాడు.

జోహా ఆగలేదు. నన్ను చూడనూ లేదు.

"యుద్ధం అయిపోయినంక చాన ఏండ్లు ఆ బళ్లె గా ముచ్చట ఎవరు ఎత్తలె. గోడ మీద గా ప్రిన్సిపాల్ ఫొటో గట్లనే ఉండె. ఆకరికి పిల్లలే అడిగిండ్రు. మా బెంచీల మీద మాకంటె ముందు ఎవరు కూసున్నరు, యాడికి పోయిండ్రు అని అడిగిండ్రు. పెద్దోళ్ళు వద్దన్నరు. పిల్లలు ఇడిశిపెట్టలె. పేర్లు దొర్కవట్టిండ్రు. గప్పటి సంది ఏడాదికోసారి, నవంబర్ల, బడిల అందరికంటె చిన్న క్లాసు పిల్లలు ఆ పేర్లు సదువుతరు. సదివేటప్పుడు ఒక్కరు కూసోరు. గదే ఆ బడి అసలు గొప్పతనం. ఇప్పుడు నేను సదువుతున్న."

చేతిలోని కాగితం విప్పింది.

"రూత్ రోసెన్‌తాల్."

పేరుకు ఇంగ్లీషు అక్కర్లేదు. ముందు వరసలో లిల్లీ దిగ్గున లేచి నిలబడింది.

"ఎడిత్ రోసెన్‌తాల్. మాక్స్ హిర్ష్‌బర్గ్."

కత్రీన్ లేచింది. పిల్లలందరూ లేచారు. దండలు తీసి చేత్తో పట్టుకుని, తలలు నిటారుగా పెట్టి నిలబడ్డారు. సారు భయపడినట్టు ఎవరూ తల దించుకోలేదు.

"హాన్స్ లెవిన్."

ఇక మా వాళ్ళు. చుట్టాలు నిలబడి ఉంటే మనం కూర్చుంటామా? సాబెరా లేచింది. ఆమె పక్కవాళ్ళు లేచారు. కుర్చీలు కిర్రుమంటూ వెనక వరసలదాకా అందరూ లేచారు. జోహా ఒక్కొక్క పేరూ చెబుతూ పోయింది. తెలియని ఊరి, తెలియని పిల్లల పేర్లకి మెదక్ నిలబడింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

సారు లేచి నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకుని నేనూ సిద్ధపడ్డాను. "చెప్పుండ్రి టీచర్" అన్నాడు. "ఇంగ్లీష్ల చెప్పుండ్రి. మొత్తం."

చెప్పాను. కాళ్ళు పక్కకు జరిపిన మాట చెబుతున్నప్పుడు లిల్లీ స్టేజీ ఎక్కి జోహా చెయ్యి పట్టుకుంది. కత్రీన్ కింద నుంచే గట్టిగా అంది: "ఇది మీరు వదిలేసి ఉంటే, మీరు మా బడి గురించి చెప్పినట్టే కాదు." అది నేను తెలుగులో చెప్పాను. సారు వైపు చూడకుండా చెప్పడానికి చాలా కష్టపడ్డాను.

కార్యక్రమం అక్కడితో అయిపోవాలి. వందన సమర్పణ, మిక్చర్, చాయ్. కానీ సారు జోహా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. ఆయన మాటలు వెతుక్కోవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

"గా ముచ్చట చెప్పొద్దని గీ పిల్లతోని నేనే అన్న" అన్నాడు. "చుట్టాల ఇజ్జత్ పోతదని అన్న. గా మాట అబద్ధం కాదు. కని మొత్తం నిజం గూడ కాదు." వరండా వైపు తిరిగాడు. "మన బడి చరిత్ర రాసి వాళ్ళకు పంపింది గూడ నేనే. నిజాం కాలంల పెట్టిండ్రని రాసిన, ఎంతమంది ఆఫీసర్లయిండ్రో రాసిన. ఒక్కటి రాయలె. గీ బళ్లె, గదో గా వరండల, కొంతమంది పిల్లలను లోపటికి రానియ్యకపోతుండె. గోడ అవుతల కూసొని పాఠం ఇనేటోళ్ళు. వాన పడితే తడుసుకుంట ఇనేటోళ్ళు. గట్ల కూసున్నోళ్ళల్ల ఒకాయన పేరు లక్ష్మయ్య."

అందరూ ఇంకా నిలబడే ఉన్నారు. ఆ పేరు ఎవరిదో నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా పక్క గదిలో పనిచేస్తున్నాను, నాకు తెలియదు.

"మా బాపు" అన్నాడు సారు. "ఆయన వరండల కూసున్న బడికి నేను ఇయ్యాల హెడ్మాస్టర్ని. గిది చెప్పుకుంటె చిన్నతనం అయితదని గిన్నేండ్లు దాసిపెట్టిన. ఎవరి చిన్నతనం? మా బాపుదా?"

జవాబు కోసం ఆగలేదు. లిల్లీ వైపు తిరిగి, తనకొచ్చిన ఇంగ్లీషులోనే, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ అడిగాడు. మీ ఊళ్ళో మా బడి గురించి చెప్పేటప్పుడు ఆ పేరు చెప్పు తల్లీ, అని.

లిల్లీ ఆ పేరు ఎలా పలకాలో తెలియక జోహాని చూసింది. జోహా నెమ్మదిగా, విడదీసి చెప్పింది. లిల్లీ మైకు దగ్గరికి వచ్చి, తప్పు పోకుండా, మా బడి ఆవరణంతా వినబడేలా అంది: "లక్ష్మయ్య."

మేమంతా నిలబడే ఉన్నాం. ఈసారి మా బడి కోసం నిలబడ్డాం.