సామాన్ల గదిలో తొమ్మిదిమంది

మదింపు చేసే అధికారి వచ్చే రోజు పొద్దున రెండో తరగతి టీచరు గంట ముందే బడికి వచ్చేసింది. చర్చివాళ్లు నడిపే చిన్న ప్రాథమిక పాఠశాల అది. నాణ్యత మదింపులో వరసగా రెండేళ్లు అట్టడుగున నిలిచింది. మూడోసారీ అంతే అయితే మూసేస్తామని విద్యాశాఖ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ బడి హెడ్మిస్ట్రెస్ టీచరుకు స్వయానా అత్తగారు.

టీచరు తరగతిలో చదవడం బొత్తిగా రాని పిల్లలు తొమ్మిదిమంది. వాళ్లను ఆ రోజు పంపొద్దని అత్తగారు ముందే ఇళ్లకు కబురు పెట్టింది. కానీ పనులకు పోయే తల్లిదండ్రులు పిల్లల్ని ఎక్కడ వదిలిపెడతారు? అందరూ బుడంకాయ అని పిలిచే చిట్టిపిల్లతో సహా తొమ్మిదిమందీ ఠంచనుగా దిగిపోయారు.

“చర్చి వెనక సామాన్ల గదిలో కూర్చోబెడదాం. ఆయా తోడుంటుంది. రెండు గంటలేగా,” అంది అత్తగారు.

“బుడంకాయకి దుమ్ము పడదండీ. ఆయాసం వచ్చేస్తుంది దానికి,” అంది టీచరు.

“ముప్పై ఏళ్లు నడిపిన బడి మూతపడితే నాకూ వస్తుందమ్మాయ్ ఆయాసం. వెళ్లి బోర్డు తుడుచుకో.”

అధికారి సన్నగా, పొడుగ్గా ఉంది. మాట తక్కువ మనిషి. చివరి బెంచీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, గోడల చెమ్మనూ పిల్లల నోటుపుస్తకాలనూ చూసింది. ఒక పిల్లను చదవమంది. ఆ పిల్ల పాఠం గడగడా అప్పజెబుతుంటే, అధికారి మెల్లగా పుస్తకంలో పేజీ తిప్పేసింది. పిల్ల ఆగలేదు. పాత పేజీనే చెప్పుకుపోతోంది.

“హాజరుపట్టీలో ముప్పై ఒక్క పేర్లున్నాయి. ఇక్కడ ఇరవై రెండుమందే ఉన్నారేం?”

“జ్వరాలండీ,” అంది గుమ్మంలో నిలబడ్డ అత్తగారు. “ఎక్కడ చూసినా జ్వరాలే.”

అప్పుడే ఆయా టీ కప్పు పట్టుకుని లోపలికి వచ్చింది. ఆయా ఇక్కడుంటే అక్కడ పిల్లల దగ్గర ఎవరున్నారు? టీచరు ఆమెను పక్కకు పిలిచి గుసగుసగా అడిగింది.

“పెద్దమ్మగారే టీ పెట్టమన్నారు. పిల్లలు బయటికి రాకుండా తాళం వేసి, చెవి ఆవిడకే ఇచ్చా.”

“ఎంతసేపైంది?”

“అరగంట అయ్యుంటుందమ్మా.”

ఆ గదికి కిటికీ లేదు. టీచరు చెవులు రిక్కించింది. తొమ్మిదిమంది పిల్లలున్న వైపు నుంచి చిన్న అలికిడైనా లేదు. అత్తగారు ‘కదలకు’ అన్నట్టు కళ్లురిమింది. ఆ కళ్లకు భయపడుతూనే ఇన్నేళ్లు ఇంట్లోనూ, బడిలోనూ నెట్టుకొచ్చింది ఆమె.

“అత్తయ్యా, తాళంచెవి ఇవ్వండి.”

బడిలో ఆమెను అలా పిలవడం అదే మొదలు.

“ఏ తాళంచెవి?”

“సామాన్ల గదిది. పిల్లలు లోపలున్నారు. బుడంకాయ లోపలుంది.”

అత్తగారు తాళంచెవి ఇవ్వలేదు. తనే పరుగెత్తింది. వెనకాలే టీచరు, ఆ వెనక అధికారి. తాళం దగ్గర అత్తగారి చేతిలోంచి చెవి మూడుసార్లు జారింది. టీచరు ఆవిడ మణికట్టు పట్టుకుని తాళంచెవి తిప్పింది.

లోపల పాత బల్లల మధ్య బుడంకాయ గోడకు ఆనుకుని ఉంది. ఊపిరి కోసం భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదవులు నల్లబడ్డాయి. మిగతా పిల్లలు చుట్టూ చేరి, నోటుపుస్తకాలతో విసురుతున్నారు.

“అరవొచ్చు కదమ్మా! తలుపు కొట్టొచ్చు కదా!” అంది టీచరు ఏడుస్తూ.

“చప్పుడు చేస్తే బడి మూసేస్తారని పెద్ద టీచర్ చెప్పారుగా,” అంది ఒక పిల్ల.

అధికారి బుడంకాయను ఎత్తుకుని తన కారు వైపు పరుగు తీసింది. ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టి మందు పీల్పించారు. పిల్ల నోట మాట వచ్చేదాకా టీచరు దాని కాలి బొటనవేలు వదల్లేదు.

మర్నాడు అధికారి మళ్లీ వచ్చి తొమ్మిదిమంది చేతా చదివించింది. ఏడుగురికి అక్షరాలే రావు. రెండు వారాలకు నివేదిక వచ్చింది. బడి మళ్లీ అట్టడుగునే ఉంది. ఒక్క ఏడాది గడువిచ్చి, చదవడం నేర్పడానికి ఒక టీచరును అదనంగా వేశారు. అత్తగారిని మాత్రం తీసేశారు.

నెల రోజులు ఇంట్లో అత్తాకోడళ్ల మధ్య మాటల్లేవు. ఒకరోజు పొద్దున కోడలు బడికి బయల్దేరుతుంటే అత్తగారు అడిగింది.

“ఆ తొమ్మిదిమందినీ రోజూ ఓ గంట నా దగ్గర కూర్చోబెడితే, నా కుర్చీలోకొచ్చిన కొత్తావిడ ఏమన్నా అంటుందా?”

“అడుగుతాను.”

“పిల్లలు నన్ను చూసి భయపడతారేమోనే.”

“పడతారు అత్తయ్యా,” అంది కోడలు.

“తలుపు తీసే ఉంచుతానని చెప్పు వాళ్లకి,” అంది అత్తగారు.