ఇరవై అంటే ఇరవయ్యే

ఆ ఇంట్లో ఏ తేదీనీ ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పుకొనేవారు కాదు. అబద్ధాలాడే మనుషులని కాదు. భార్యాభర్తలిద్దరి వృత్తులూ కలిసి తయారుచేసిన అలవాటది. ఆయన ముప్పై నాలుగేళ్ళు బస్సు డిపోలో వేళల పట్టికలు వేశాడు. ఏ బస్సు ఏ స్టాపుకు ఎన్నింటికి చేరాలో లెక్కగట్టి, దారిలో జరిగే ఆలస్యానికి రెండు నిమిషాలు కలపడం ఆయన ఉద్యోగం. ఆమె బట్టలు కుడుతుంది. వీధి వీధంతా ఆమెను టైలరమ్మ అనే పిలుస్తుంది. ఈ శుక్రవారానికి పని అయిపోతుందని తెలిసినా వచ్చే శుక్రవారం రమ్మని చెప్పి పంపేది. జిప్పు తెగినా, వేలికి సూది దిగినా ఆ వారం ఆదుకొనేది.

ఈ అలవాటు వృత్తి నుంచి సంసారంలోకి వచ్చేటప్పుడు తలకిందులైంది. ఆయన ప్రతి పనినీ చివరి రోజు దాకా నానుస్తాడు కనుక, గడువు ముప్పై అయితే ఆమె ఇరవై మూడని చెప్పేది. ఆమె గుమ్మం దాటాక ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీశానా లేదా అని ఒకసారి వెనక్కి వెళ్తుంది కనుక, బస్సు ఎనిమిది నలభైకి ఉంటే ఆయన ఎనిమిదిన్నర అనేవాడు. హాల్లో గోడ గడియారం పది నిమిషాలు ముందు నడిచేది. నాలుగైదేళ్ళకే ఒకరి గుట్టు ఒకరికి తెలిసిపోయింది. ఆమె తేదీ చెబితే ఆయన మనసులో వారం కలుపుకొనేవాడు. ఆయన వేళ చెబితే ఆమె పది నిమిషాలు కలుపుకొనేది. ఆ సంగతి ఇద్దరూ పైకి అనేవారు కారు. అన్ని చోట్లకూ సరిగ్గా వేళకే చేరుతూ ఉండడంతో అనవలసిన అవసరమూ రాలేదు. పోస్టాఫీసులో పనిచేసే ఆయన చెల్లెలు మాత్రం వచ్చినప్పుడల్లా, "వదినా, మీ ఇంట్లో క్యాలెండరు కూడా పక్కింటి వాళ్ళని అడిగి తేదీ చూసుకుంటుంది" అని ఆటపట్టించేది.

ఆయన చూపు తగ్గడం మొదలై మూడేళ్ళు. డాక్టర్లు నీటికాసులు, అంటే గ్లాకోమా అన్నారు. అంచుల నుంచి మూసుకొస్తూ, నడుమ ఒక చిన్న కిటికీ అంత మిగిలింది. వాళ్ళది మూడంతస్తుల ఇరుకు ఇల్లు. కింద హాలూ వంటిల్లూ, మధ్యలో పడకగది, పైన ఆమె కుట్టుగది, వాటిని కలుపుతూ ముప్పై ఒక్క మెట్లు. ఆ మెట్లు ఆయనకు అరికాళ్ళతో తెలుసు. అయితే చూపు పోతే తెలిసిన మెట్టయినా మోసం చేయవచ్చునని కంటి ఆసుపత్రిలో చూపు తగ్గినవాళ్ళకు నడక నేర్పే శిక్షకురాలు హెచ్చరించింది. మెట్లు లేని ఇంటికి మారమని చెప్పి, మారే పద్ధతి కూడా ఆవిడే చెప్పింది. మొదట పది రోజులు ఖాళీ గదుల్లో రోజుకు రెండు గంటలు నడవాలి. ముందు గోడలు నేర్చుకోవాలి, ఆ తరువాతే కుర్చీలు. నడిచిన ప్రతిసారీ తెలిసిన ఇంటికి తిరిగి వచ్చి నిద్రపోవాలి. అలా కాక ఒక్కసారిగా కొత్త ఇంట్లో దించేస్తే ఇల్లు వంటబట్టదు, భయం వంటబడుతుంది. మూలన కూర్చొని లేవడం మానేసిన మనుషులను తాను చూశానన్నది. టైలరమ్మ ఆ మాట విన్ననాటి నుంచి ఆయన కూర్చొనే ప్రతి మూలనూ అనుమానంగా చూడసాగింది.

అందుచేత ఇల్లు అమ్మి, కంటి ఆసుపత్రికి ఒకే బస్సున్న వీధిలో, కింది అంతస్తులో అద్దెకు వెళ్ళాలని నిశ్చయించుకొన్నారు. మళ్ళీ కొనడానికి తొందర లేదు. మిగిలిన చూపుకు ఎలాంటి ఇల్లు సరిపోతుందో ఉండి చూస్తేగాని తెలియదు. కావలసిందల్లా పది రోజుల పాటు రెండిళ్ళ తాళాలూ చేతిలో ఉండడం.

పనులు పంచుకొన్నారు. కొనేవాళ్ళతో, బ్రోకరుతో మాట్లాడడం ఆమె వంతు. అద్దె ఇంటి యజమానితో తాను మాట్లాడతానని ఆయన పట్టుబట్టాడు. "ఫోనులో మాట్లాడ్డానికి కళ్ళెందుకే? నాకూ ఒక పని ఉండనీ" అన్నాడు. ఆమె కాదనలేకపోయింది.

కొంటున్నది ఒక నర్సు, తల్లితో కలిసి ఉంటుంది. బ్రోకరు ముందే టైలరమ్మ చెవిలో వేశాడు: మన అవసరం అవతలివాళ్ళకు తెలిస్తే తేదీ వాళ్ళ చేతుల్లోకి పోతుంది, కాబట్టి సారు కళ్ళ సంగతి ఎత్తవద్దని. నర్సు ఇల్లు చూడవచ్చిన రోజున ఆయన కుర్చీలో నిటారుగా కూర్చొని, మాట వినబడిన వైపు నవ్వుతూ ఉండిపోయాడు. నర్సు ఇప్పుడున్న ఇల్లు ఇరవై రెండున ఖాళీ చేయాలి. ఆమె బ్యాంకు అప్పు మంజూరు గడువు ఇరవై ఒకటితో తీరిపోతుంది. కనుక ఇరవయ్యో తేదీన రిజిస్ట్రేషనూ అప్పగింతా అని రాసుకొన్నారు.

టైలరమ్మ ఇంటికి వచ్చి, "ఇరవైన తాళాలిచ్చెయ్యాలి" అని చెప్పింది. ఇంత పెద్ద విషయంలో వారం తగ్గించి చెప్పడం తగదని, జీవితంలో మొదటిసారి, ఉన్న తేదీ ఉన్నట్టే చెప్పింది. అయితే ఎప్పుడూ చెప్పే గొంతుతోనే చెప్పింది. ఆయన ఎప్పటిలాగే వారం కలుపుకొని ఇరవై ఏడు అనుకొన్నాడు. దాని నుంచి పది రోజులు వెనక్కి లెక్కించి, పదిహేడున తాళాలిమ్మని యజమానిని అడిగి ఒప్పించాడు. భార్య సామాను సర్దడానికి కూర్చొంటే ఒక్కో గుడ్డముక్కకూ ఒక్కో చరిత్ర చెప్పుకొంటుందని ఆయనకు తెలుసు. కనుక ఆమె దగ్గరే నేర్చుకొన్న వారాన్ని ఆమెకే ఇచ్చి, "పదో తారీకున మన చేతికొస్తుంది" అన్నాడు. ఆయన తేదీల్లో కల్తీ చేస్తాడని ఆమెకు తెలియదు, నిమిషాలతోనే సరిపెట్టుకొంటాడనుకొంది. పది నుంచి ఇరవై దాకా పది రోజులు. ఆమె లెక్క సరిపోయింది. పదిహేడు నుంచి ఇరవై ఏడు దాకా పది రోజులు. ఆయన లెక్కా సరిపోయింది.

పదో తేదీ ఉదయం, కిటికీలకు తెరలు కుట్టాలని మెడలో కొలత టేపు వేసుకొని, ఆయనను మొదటి పాఠానికి చేయి పట్టుకొని ఆమె బయలుదేరింది. ఆయన ఏదో చెప్పబోయి, ముందుగా ఇంటి వీధి తెలుసుకోవడం కూడా మంచిదేననుకొని ఊరకున్నాడు. ఆమె గుమ్మం ముందు నిలబడి, తాళం ఎవరిస్తారో తెలియక, తలుపు తట్టింది. తల తుడుచుకొంటూ ఒకావిడ తలుపు తెరిచింది. లోపల సోఫా, గోడ నిండా ఫొటోలు, బల్ల మీద ఇంకా ఆవిరి పోతున్న అన్నం.

"మేం ఖాళీ చేసేది పదహారున కదండీ" అంది ఆవిడ, టేపు వంక చూస్తూ.

టైలరమ్మ టేపు మెడలోంచి తీసి గుప్పిట్లో చుట్టుకొంది. క్షమించమని చెప్పి, ఆయనను ఎదుటి బస్సు స్టాపులో బెంచీ మీద కూర్చోబెట్టి, తానూ కూర్చొంది.

"పదని చెప్పారు."

"పదంటే పదిహేడు. నువ్వు సర్దడం మొదలుపెడతావని."

"మరి పదిహేడు నుంచి ఇరవైకి ఎన్ని రోజులండీ?"

"ఇరవై ఏమిటి? నీ ఇరవై అంటే ఇరవై ఏడు కదా."

"ఈసారి ఇరవై అంటే ఇరవయ్యే."

ఆయన చేతికర్రను రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టి, "నలభై ఏళ్ళలో ఒక్క నిజం చెప్పావు. అదైనా ముందు చెప్పి చెప్పాల్సింది" అన్నాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తప్పు ఎవరిదో తేల్చుకోవాలంటే పెళ్ళయిన ఏటి దాకా వెనక్కి వెళ్ళాలి. అంత తీరిక లేదు. పది రోజులు మూడు రోజులయ్యాయి.

సాయంత్రం ఆడపడుచు ఫోను చేసి, ఇరవై తరువాత ఒక వారం తమ ఇంట్లో ఉండి రోజూ వెళ్ళి నేర్చుకోమంది. కిందటేడు వాళ్ళ స్నానాలగది గడప తగిలి ఆయన పడిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. ఆయన ఫోను తీసుకొని, "మీ గోడలు నేర్చుకుని, మళ్ళీ మరిచిపోయి, అప్పుడు కొత్తవి నేర్చుకోవాలి. నా బుర్రేమైనా పలకా?" అన్నాడు. సరదాగానే అన్నాడు. కాని ఫోను పెట్టేశాక గోడ గడియారం కిందనున్న మూల కుర్చీలోకి వెళ్ళి, అన్నానికి పిలిచేదాకా లేవలేదు. టైలరమ్మ ఆ మూలను చూసింది.

బ్రోకరు తేదీ జోలికి వెళ్ళవద్దని మొత్తుకొన్నాడు. మనం ఒక ముడి విప్పితే వాళ్ళు నాలుగు విప్పుతారన్నాడు. ఆమె విన్నది, ఫోను పెట్టేసింది, మర్నాడు మధ్యాహ్నం నర్సు పనిచేసే ఆసుపత్రికి వెళ్ళింది. రెండో అంతస్తు నడవాలో ఉతికిన దుప్పట్ల బండి పక్కన ఒక బల్ల ఉంది. డ్యూటీ దిగిన నర్సు అక్కడే కూర్చొని, బూట్ల నాడాలు వదులు చేసుకొంటూ, చెప్పమంది.

ఎన్ని రోజులు కావాలని నర్సు అడిగినప్పుడు, పదిహేను అనే మాట టైలరమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. పదిహేను అడిగితే వారం దొరుకుతుంది. ఆ లెక్కతోనే ఇన్నేళ్ళూ బతికింది. అయితే ఇప్పుడు తామున్న చిక్కంతా ఆ లెక్క పెట్టిన భిక్షేనని కూడా ఆమెకు తెలుసు. మింగేసింది.

"వారం. సరిగ్గా వారం. ఎక్కువ చెప్పి తగ్గడం లేదమ్మా, నాకు కావాల్సిందే అది."

ఆ తరువాత ఎందుకో చెప్పింది. గోడలు ముందు, కుర్చీలు తరువాత అన్న మాట రెండుసార్లు చెప్పింది.

నర్సు నాడాలు పట్టుకొని అలాగే వంగి ఉండిపోయింది. "ఆ రోజు నేను చెయ్యి చాపితే అంకుల్ పట్టుకోలేదు. ఎంత పొగరో అనుకున్నాను. ఇంటికెళ్ళి అమ్మతో కూడా అన్నాను."

"అలా కూర్చోమన్నది మేమే."

"తేదీ మార్చలేను ఆంటీ. బ్యాంకు ఒప్పుకోదు, మా ఓనరూ ఒప్పుకోడు. ఇరవై ఇరవయ్యే." నర్సు నిటారుగా కూర్చొంది. "కానీ ఇరవైన నా చేతికొచ్చే ఇల్లు నాదే కదా. నా ఇంట్లో ఎవరుండాలో చెప్పడానికి బ్యాంకెవరు? అమ్మా నేనూ పైన రెండంతస్తుల్లో ఉంటాం. మీరు వారం కింద ఉండండి. ఒక్క షరతు."

"ఏమిటమ్మా అది?"

"నేను పొద్దు పొడవకముందే డ్యూటీ నుంచి వస్తుంటాను. అమ్మది కోడి నిద్ర, లైటు వేస్తే లేచి కూర్చుంటుంది. లైటు లేకుండా ఆ మెట్లెక్కడం అంకుల్‌కి వచ్చు కదా. నాకు నేర్పమనండి."

ఇరవైన సంతకాలయ్యాయి. తాళాలగుత్తి చేతులు మారింది. నర్సు అందులోంచి ఒకటి తీసి తిరిగి ఇచ్చింది. బ్రోకరు ఇది కాగితం మీద లేకపోతే కుదరదని తల పట్టుకొని, ఇరవై ఏడు సాయంత్రం దాకా అని ఒక వాక్యం రాయించి ఇద్దరి చేతా సంతకం పెట్టించాడు. మంచం హాల్లోకి దిగింది. వంటింట్లో నర్సు తల్లి, టైలరమ్మ రెండే రోజుల్లో ఒకరి ఉప్పు డబ్బా మరొకరు తీసేటంత దగ్గరయ్యారు. "ఇల్లు అమ్మి కూడా కదలని వాళ్ళని మిమ్మల్నే చూశానమ్మా" అని ఆ పెద్దావిడ అంటే, "కొని కూడా వెళ్ళగొట్టని వాళ్ళని నేనూ మిమ్మల్నే చూశాను" అని టైలరమ్మ అందుకొనేది.

ఉదయం పూట ఆయన కొత్త ఇంట్లో గోడ వెంట చేయి రాస్తూ నడిచేవాడు. మధ్యాహ్నం పాత ఇంట్లో పాఠం చెప్పేవాడు. పట్టపగలు నర్సు కళ్ళు గట్టిగా మూసుకొని మెట్టు మీద నిలబడేది. ఆయన రెండు మెట్లు పైనుండేవాడు.

"ఐదో మెట్టు మీద ఎడమ పక్క అడుగు వెయ్యకు, కిర్రుమంటుంది. పదకొండు దగ్గర చెయ్యి గోడకి తగలాలి. తగల్లేదంటే పదే ఎక్కావు."

"తగిలింది."

"తగిలిందని నువ్వనుకుంటున్నావు. కళ్ళు తెరిచావు."

"మీకెలా తెలిసింది అంకుల్?"

"అడుగు ధైర్యంగా పడింది."

హాల్లో దుప్పటి మడుస్తున్న టైలరమ్మకు ఆ మాటలన్నీ వినబడ్డాయి. ఆయన స్వరంలో డిపో రోజుల నాటి దబాయింపు ఉంది. అది విని ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టబోయి మానేసింది.

ఇరవై ఆరున నర్సు కళ్ళు తెరవకుండా, ఐదో మెట్టు పలకకుండా, పై దాకా ఎక్కింది. అదే ఉదయం ఆయన కొత్త ఇంట్లో వాకిలి నుంచి వంటింటి కుళాయి దాకా, అక్కడి నుంచి పెరటి తలుపు దాకా, కర్ర చంకలో పెట్టుకొని నడిచాడు. ఆ రోజుతో పది రోజులూ నిండాయి. ఇరవై ఏడున సామాను వెళ్ళింది, ఒక్కొక్కటే, ముందు బల్ల, తరువాత కుర్చీలు.

కొత్త ఇంట్లో గోడ గడియారం తగిలిస్తూ టైలరమ్మ ముల్లును పది నిమిషాలు వెనక్కి తిప్పింది. ఇక ఈ ఇంట్లో ఉన్నది ఉన్నట్టే అని ప్రకటించింది. ఆయన సరేనన్నాడు.

మొదటి సోమవారం కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. బస్సు ఎనిమిది నలభైకి అని ఆయన చెప్పాడు, నిజంగా ఎనిమిది నలభైకే. ఆమె గడియారం చూసింది. ఎనిమిదీ ముప్పై అయిదు. ఎప్పటిలా పది నిమిషాలు చేతిలో ఉన్నాయనుకొంది. గుమ్మం దాటింది, ఇస్త్రీపెట్టె గుర్తొచ్చి వెనక్కి వెళ్ళింది. వాళ్ళు స్టాపు చేరేసరికి బస్సు వెనక భాగం మలుపు తిరుగుతోంది.

ఇద్దరూ అదే బెంచీ మీద కూర్చొన్నారు. ఆమె నాలుక కరుచుకొంది.

"తర్వాతది ఎప్పుడండీ?"

"తొమ్మిదీ అయిదు."

"అసలు టైమేనా?"

"పట్టికలో ఉన్నదే. నేను వేసిందే." ఆయన కర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకొన్నాడు. "రెండు నిమిషాలు కలిపి వేశాను" అన్నాడు.

ఆమె ఆ రెండు నిమిషాలూ మనసులో తీసేసి, సంచిలోంచి సగం కుట్టిన తెర తీసి, అంచు మడవసాగింది.