నీలి రిబ్బన్ల మేకులు

కొండ అంచు వెంట నీలి రిబ్బన్లు కట్టిన కొయ్య మేకుల్ని మొదట కనిపెట్టింది నోలా. నా కళ్ళకైతే అవి పొదల్లో చిక్కుకున్న చాక్లెట్ కాగితాల్లా ఉన్నాయి. నోలా మాత్రం నడుస్తున్నదల్లా ఆగి, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. మళ్ళీ వచ్చారు వెర్నా, అంది. ఎవరు వచ్చారని నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు.

నోలా మా పక్కింటావిడ. ఈ వీధికి ఇద్దరం ఒకే వేసవిలో కాపురానికి వచ్చాం. అప్పట్లో ఒక కంపెనీవాళ్ళు సముద్రం అంచుదాకా ఇళ్ళు కడతామని బయల్దేరారు. పగలంతా వాళ్ళ మనుషులు మేకులు పాతి పోయేవారు, సాయంత్రం నోలా భర్త క్లెమ్ వెళ్ళి పీకేవాడు. పీకినవాటిని మేం ఆడవాళ్ళం పిల్లల తోపుడు బళ్ళలో, దుప్పట్ల కింద దాచి తెచ్చేవాళ్ళం. మా పెద్దమ్మాయి ఎన్నో మేకుల మీద నిద్రపోయింది. ఆ చలికాలం నా పొయ్యిలోకి వేరే కట్టెలు కొననే లేదు. చివరికి వాళ్ళు విసిగిపోయారు, ప్రభుత్వం ఆ నేలను సంరక్షణ పార్కు చేసింది. తర్వాత యూనివర్సిటీవాళ్ళు వచ్చి బండల మీద బోర్లా పడుకుని, వాటి మీది గీతలు ఒకనాటి మంచు ఈడ్చుకుంటూ పోయినప్పుడు పడ్డవని చెప్పారు. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చూస్తారట. మాకు అవేమీ తెలియవు. మేం కాపాడుకున్నది మా నడకదారిని.

ఆ దారే ఇప్పుడు క్లెమ్‌కి మందు. పోయిన ఏడు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా చాలావరకు పోయింది. పొద్దున్నే నోలా ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని ఎర్రలోయ పైనున్న బెంచీదాకా నడిపిస్తాం. తెల్లమట్టి కింద ఎర్రమట్టి పొరలు కనిపించే ఆ చోటు ఆయనకి ఇష్టం. చేతికర్ర ఇచ్చి నడిపిస్తే నడుస్తాడు, కానీ కూర్చుంటే తనంతట తాను లేవలేడు. లేపి లేపి నోలా నడుం విరిగిపోయింది. కూతురు ట్రూడీ వృద్ధాశ్రమంలో ఒక గది మాట్లాడిపెట్టింది. వసంతం వచ్చేలోగా నాన్న సొంతంగా లేచి నిలబడితే సరే, లేకపోతే అక్కడికే అని తేల్చి చెప్పింది. నోలా ఆ గది మాట ఎత్తితే చాలు, వేరే సంగతిలోకి వెళ్ళిపోయేది.

మేకులు పాతుతున్నది నారింజరంగు కోటు వేసుకున్న ఒక పిల్ల. పేరు ఎలెని. ఏం చేస్తున్నావమ్మా అని నోలా అడిగితే, నేల ఎంత కదులుతోందో చూస్తున్నామని చెప్పి నవ్వింది. ఆ నవ్వే మాకు నచ్చలేదు. ఇల్లు కట్టబోయేవాడు మొదట చూసేది నేలనే కదా. పైగా ఆమె వచ్చిన తెల్ల కారు మీద ఏ పేరూ లేదు. మూడుకాళ్ళ పీట మీద దుర్భిణి లాంటిది పెట్టుకుని ఒకతను ఒంటికన్నుతో మా ఇళ్ళవైపు చూశాడు. ఆ వారంలోనే పై రోడ్డు మలుపులో స్థలాల అమ్మకం బోర్డు లేచింది. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఇక నోలా పాత పనిలో పడింది. క్లెమ్‌ని బెంచీ మీద కూర్చోబెట్టి, ఒళ్ళో బిస్కట్ల డబ్బా పెట్టి, మేమిద్దరం మలుపు దాటి కిందికి వెళ్ళేవాళ్ళం. నా మోకాళ్ళు వంగవు కాబట్టి నేను పక్షుల్ని చూస్తున్నట్టు నిలబడి కాపలా. ఆవిడ వంగి ఒక్కొక్కటీ పీకి సంచిలో వేసేది. బెంచీ దగ్గరి మేకుల జోలికి మాత్రం పోలేదు. అక్కడ అంచు మరీ దగ్గర, మట్టి జారుతుంది.

ఒకరోజు చూస్తే బెంచీ దగ్గరివి కూడా లేవు.

"నాకు చెప్పకుండా పీకావేమే?" అంది నోలా.

నేను పీకలేదన్నాను. ఆవిడ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ ఆవిడని నమ్మలేదు, తానే పీకి నా మీదకి తోస్తోందనుకున్నాను. మర్నాడు తన టీ ఫ్లాస్కు తానే తెచ్చుకుంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ నా ఫ్లాస్కులోదే తాగేది. క్లెమ్‌కి చెరో పక్కా నడుస్తూ, మాటాపలుకూ లేకుండా వెళ్ళొచ్చాం.

మా దక్షిణార్ధగోళంలో చలికాలం వచ్చేది జూన్‌లో; ఆ వానలు మొదలైన వారానికి పార్కు గేటుకి గొలుసు వేసి ఉంది. ఎలెని అక్కడే నిలబడి ఉంది, ఈసారి నవ్వలేదు. క్లెమ్‌ని పక్కనున్న పొట్టి గోడ మీద కూర్చోబెట్టాం. అమ్మా, రోజూ ఇటు నడిచేది మీరే కదా, మేకులు ఎవరు పీకుతున్నారో చూశారా అని అడిగింది. అడగడం అడిగింది గానీ, చూపంతా నోలా సంచి మీదే.

నోలా దాచలేదు. సంచి తలకిందులు చేసి గోడ మీద కుమ్మరించింది. "అప్పుడూ పీకాం, ఇప్పుడూ పీకాం. మళ్ళీ పాతితే మళ్ళీ పీకుతాం. ఇక్కడ ఇల్లు లేవనివ్వం, వెళ్ళి మీవాళ్ళతో చెప్పు."

ఆ పిల్ల మొహం చూస్తే ఏం వింటోందో అర్థమైనట్టు లేదు. ఇళ్ళేమిటమ్మా అంది. ఈ అంచు వానలకి ఎంత జారుతోందో తెలియడానికే మేకులు. పెద్దగా జారలేదని తేలితే పార్కువాళ్ళు దారి తెరిచే ఉంచేవాళ్ళు. గుర్తులు లేకుండా ఎవరూ పూచీ పడరు. మళ్ళీ పాతి, ఒక చలికాలమంతా చూడాలి. అందాకా దారి మూసెయ్యమన్నారు.

నేను ఆ తెల్ల కారు గురించి, ఒంటికన్నువాడి గురించి అడిగాను. అద్దె కారట. అతను చూసింది మా ఇళ్ళని కాదు, మా ఇంటి ముందున్న కరెంటు స్తంభాన్ని, కొలతకి కదలని గుర్తు కావాలట. పై రోడ్డు మీది అమ్మకం బోర్డు ఎవరిదో తనకి తెలియదంది; నాకు అప్పటికీ సగమే నమ్మకం కుదిరింది.

ఎలెని మేకులు సర్దుకుంటూ, బెంచీ దగ్గరివి ఇందులో లేవంది. అన్నిటికన్నా ముఖ్యమైనవి అవేనంది.

"ఇచ్చెయ్యవే వెర్నా, ఇంకా ఎందుకు?" అంది నోలా.

నేను కోటు జేబులు బయటికి లాగి చూపించాను. ఒక చేతిరుమాలు, ఒక పిప్పరమెంటు. నీ జేబులు నువ్వు చూసుకో అన్నాను. మంచి కోపంలోనే ఉన్నాను.

అప్పుడు క్లెమ్ గొంతు సవరించుకున్నాడు. ఎడమచెయ్యి కోటు లోపలికి పోయి, నీలి రిబ్బను మేకుతో బయటికి వచ్చింది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఇంకొకటి.

నోలా మేకుల్ని చూడలేదు. మోకాళ్ళ మీద కూలబడి ఆయన బూట్లు తిప్పి చూసింది. అడుగున, దారిలో ఎక్కడా లేని అంచు ఎర్రమట్టి ఎండి పెళ్ళకట్టి ఉంది. మేం మలుపు దాటి కిందికి వెళ్ళినప్పుడల్లా ఈయన లేచాడన్నమాట. లేచి, ఆ జారుడు అంచుదాకా ఒక్కడే నడిచి, వంగి, పీకి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ వచ్చి కూర్చున్నాడన్నమాట.

"ఎలా లేచావయ్యా?" అంది నోలా.

క్లెమ్ కర్రని గోడకి ఆనించి పక్కన పెట్టాడు. ఎడమచెయ్యి గోడ మీద మోపి, ముందుకు ఊగి, ఒకసారి వెనక్కి పడ్డాడు. ఎలెని పట్టుకోబోయింది. నోలా ఆ పిల్ల చెయ్యి పట్టి ఆపేసింది. రెండోసారికి క్లెమ్ నిలబడ్డాడు.

"పీకాలి," అన్నాడు, గేటు అవతల మిగిలిన ఒక్క మేకువైపు చూస్తూ.

దారి ఆ చలికాలమంతా మూసే ఉంచారు. సముద్రం కనపడని పై రోడ్డు మీద, చెత్తడబ్బాల మధ్య నడిపించాం ఆయన్ని. అలిగి మొహం ముడుచుకునే నడిచాడు.

ఫోన్‌లో చెబితే ట్రూడీ నమ్మలేదు. ఆదివారం స్వయంగా వచ్చింది. తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి లేవమంది. ఆయన లేచాడు. కుర్చీ వెనక్కి వెళ్ళి, నేను చాటుగా తోశానేమోనని చూసింది. నన్ను వంటింట్లోకి పొమ్మని ఇంకోసారి లేవమంది. నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను, ఆయన లేచాడు. మూడోసారి లేవమన్నప్పుడు క్లెమ్ కుర్చీ చేతి మీద ఎడమచెయ్యి ఆనించి కూతుర్ని తేరిపార చూశాడు.

"చాలు," అన్నాడు.

ట్రూడీ బయటికి వెళ్ళి, ఆ గది అక్కర్లేదని ఆశ్రమానికి ఫోన్ చేసింది. నోలా కిటికీ తెర పక్కకి తీసి, కూతురు నిజంగా ఫోన్‌లో మాట్లాడుతోందో లేదో చూసి వచ్చి, నా ఫ్లాస్కులోంచి టీ పోసుకుంది.