ఎర్రగుడ్డ ముడి

సుంకన్న ఇంజను మీదికి వంగి, చేతిని మోచేతిదాకా లోపలికి పోనిచ్చి, తీగను వేళ్లతో తడుముకుంటూ పోతున్నాడు. కంప్యూటరు పెట్టెను ఆయన చివర్లోనే తగిలిస్తాడు. అది రోగం పేరు చెబుతుంది గానీ రోగం ఉన్న చోటు చెప్పదని ఆయన వాదం. బత్తలపల్లె రోడ్డులోని ఈ పాత యంత్రాల యార్డులో సగం సెన్సర్ రోగాలు ఎలుకలు పెట్టినవే. డ్రైవర్లు క్యాబిన్లో శెనక్కాయలు తిని పొట్టు సీటు కిందికి తోస్తారు. ఎలుకలు దానికోసం వచ్చి తీగలు కూడా రుచి చూసి పోతాయి. ఎలుక కొరికిన తీగకూ, ఎండకు పగిలిన తీగకూ తేడా ఆ వేళ్లకు తెలుసు. కుడి చూపుడువేలికి గోరు లేదు. ఇరవై ఆరేళ్ల పనిలో ఒకనాడు ఫ్యాన్ బెల్టు తినేసింది.

ఈ రోజు ముందున్నది గిరి బండి. గిరి ఆయన చెల్లెలి కొడుకు, బెళుగుప్పవాడు. నాలుగు నెలల కిందట ఈ యార్డులోనే పాత పొక్లెయిన్ కొని, గాలిమరలకు దారులు తవ్వే పనిలో పెట్టాడు. ఇంట్లో ఇప్పుడు పొయ్యి వెలిగేది దానిమీదే. మొన్న మధ్యాహ్నం ఇంజను కాగి బిగుసుకుపోయింది. వేడి చూపించే సూది మాత్రం చివరిదాకా పచ్చగీత మీదే ఉందట. ఫోన్లో ఆ మాట విన్నప్పటినుంచి సుంకన్నకు అన్నం సయించడం లేదు.

గిరి షెడ్డు స్తంభానికి ఆనుకుని చూస్తున్నాడు. వాడి వెనక, గేటు మీద, యజమాని భరత్ రెండేళ్ల కిందట రాయించిన బోర్డు: ‘సుంకన్న మేస్త్రీ చూసిన బండ్లు’. అది ఎక్కించిన రోజు సుంకన్న తన భార్య మారెక్కను స్కూటర్ మీద తెచ్చి చూపించాడు. ఆమెకు చదువు రాదు. అయినా చాలాసేపు చూసి, అక్షరాలు పెద్దగానే వేశారని మెచ్చుకుంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటుంటే చెట్టుకేం తెలుస్తుంది?

ఆయనకొక పద్ధతి ఉంది. పాడైన సెన్సర్ తీగకు రెండు మెలికల ముడితో ఎర్రగుడ్డ పీలిక కడతాడు. బాగుచేశాక తానే విప్పుతాడు. అది ఉన్నంతవరకు ఆ బండిని ఎవరూ అమ్మకూడదు. ఒకసారి కొనేవాడు వచ్చి తొందరపెడితే, భరత్ తండ్రి బయ్యన్న ‘గుడ్డ ఉండాది, కనపడలేదా?’ అని వెనక్కి పంపేశాడు. ఆ పెద్దాయన పోయి మూడేళ్లయింది. ఆ ఒక్కమాట కోసమే సుంకన్న ఎన్ని పిలుపులొచ్చినా ఈ యార్డు వదల్లేదు.

వేళ్లు ఆగాయి. నీళ్ల వేడి చెప్పే సెన్సర్ దగ్గర, నల్లటేపు కింద, వడ్లగింజంత గట్టిగా ఏదో తగిలింది. విప్పకముందే అదేమిటో తెలిసింది. తాను పెట్టిన రెసిస్టరే. ఈ బండిని మొదట యార్డుకు తెచ్చేటప్పుడు సెన్సర్ చచ్చిపోయి ఇంజను వేగం అందుకోలేదు. ట్రైలర్ ఎక్కించేమట్టుకు సెన్సర్ బదులు దీన్ని కలిపాడు. ఇది ఉంటే ఇంజను ఎంత కాగినా బండిలోని కంప్యూటరుకూ, వేడి సూదికీ అంతా బాగున్నట్టే. ఒకపూట మోసం. అందుకే వెంటనే ఎర్రగుడ్డ కట్టాడు.

తర్వాత మారెక్క కంటి ఆపరేషనుకని వారం రోజులు పోయాడు. తిరిగొచ్చేసరికి గుడ్డ లేదు. అనంతపురం నుంచి మనిషిని పిలిపించి కొత్త సెన్సర్ వేయించానని భరత్ చెప్పాడు. బయ్యన్న కొడుకు కదా అని సుంకన్న ఆ తీగను తాకి చూడలేదు. ఇన్నేళ్లలో తాకకుండా నమ్మిన తీగ అదొక్కటే. గిరి అడిగితే తీసుకోమన్నాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

టేపు అంచున రెండు ఎర్రటి పోగులు అంటుకుని ఉన్నాయి. గుడ్డను ఎవరూ విప్పలేదు, కోశారు.

భరత్ వచ్చి ఆయన్ను డీజిల్ డ్రమ్ముల వెనక్కి తీసుకుపోయాడు. కోయలేదని అనలేదు. డ్రైవర్ నీళ్లు చూసుకోలేదని గిరితో చెబితే సరిపోతుందన్నాడు. భుజం మీద చెయ్యి కూడా వేశాడు.

“నువ్వు చెప్తే నమ్ముతాడు సుంకన్నా. నీ మాటకు ఆ విలువ ఉండాది గదా.”

గుడ్డ కోసినదానికంటే ఈ మెచ్చుకోలుకే సుంకన్నకు ఒళ్లు మండింది. ఆ చెయ్యి తీసేసి గిరి దగ్గరికి నడిచి, విప్పి తీసిన రెసిస్టర్‌ను అరచేతిలో పెట్టి చాపాడు.

“ఇది పెట్టింది నేనే గిరీ. బండి ఈడికి తెచ్చేదానికి ఒకపూటకని పెట్టినా. గుడ్డ కట్టి పోతే కోసి, నీకు అమ్మినారు. నీ తప్పేం లేదు.”

గిరి ఆ గింజంత వస్తువును తీసుకుని తిప్పి చూశాడు.

“గుడ్డ సంగతి నాకేం తెలుసు మామా? నేను నీ మొగం చూసి తీసుకున్నా.”

దాన్ని జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఎప్పుడూ ‘పోయొస్తా మామా’ అనేవాడు, ఈసారి అనలేదు.

సుంకన్న చేతులు డీజిల్‌తో, తర్వాత సబ్బుపొడితో కడుక్కున్నాడు. తన మీటర్ సంచిలో వేసుకుని, యార్డు తాళాలు భరత్ బల్లమీద పెట్టాడు. భరత్ ఫోన్లో ఉన్నాడు, ఈయన భోజనానికి పోతున్నాడనుకున్నాడు. రేపు పొద్దున్నే రమ్మనీ, ఉరవకొండ వాళ్లు బండి చూడ్డానికి వస్తున్నారనీ తలెత్తకుండానే చెప్పాడు. సుంకన్న బయట స్కూటర్‌ను గేటు కింద స్టాండు వేసి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా సీటు మీదికి ఎక్కి నిలబడ్డాడు.

మర్నాడు ఉరవకొండ వాళ్లు గేటు దగ్గరే ఆగిపోయారు. పాత బండ్లు కొనే ఆసాములు, వాళ్లకు ఆ గుర్తు తెలుసు. బోర్డు మీద ‘సుంకన్న’ అన్న పేరు పక్కన, ఇనుప కొక్కేనికి, రెండు మెలికల ముడితో ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంది.