పెరట్లో టామరాక్

టిఫిన్ డబ్బాలో పెరుగన్నం సర్దుకుంటూ, ఇవాళ కిటికీలోంచి చూడకూడదనుకుంది దమయంతి. అనుకుంటూనే చూసింది. పెరట్లో టామరాక్ చెట్టుకి ఒక్క ఆకు మిగల్లేదు. మొన్నటిదాకా పసుపు దిద్దినట్టున్న సూదుల్లాంటి ఆకులన్నీ బురదలో పడున్నాయి.

కెనడాలో, మిల్టన్‌లోని ఆ టౌన్‌హౌస్ పెరట్లో ఆ మూల ఎప్పుడూ నీళ్ళు నిలుస్తాయి. ఏం నాటినా కుళ్ళేది. బేస్‌మెంట్‌లో అద్దెకుండే నిఖిల, కాలేజీ లేని రోజుల్లో నర్సరీలో పనిచేస్తూ, దీనికి బురదే ఇష్టమని మే నెలలో మొక్క తెచ్చిచ్చింది. గుండె ఆపరేషన్ తేదీ కోసం ఎదురుచూస్తున్న దమయంతి భర్త వీరభద్రం తన చేత్తో నాటాడు. మోకాలెత్తు మొక్క నడుమెత్తయింది. పొద్దున లేవగానే ఆయన చూపు దానిమీదే, బురదున్నా రోజూ ఒక మగ్గు నీళ్ళు పోస్తాడు.

ఆయనింకా లేవలేదు. పైకొచ్చిన నిఖిలతో దమయంతి గొంతు తగ్గించి అంది. "ఆయన నాటిన చెట్టు ఎండిపోవడమేమిటే, ఇలాంటప్పుడు?"

"ఎండలేదాంటీ. దీని తీరే అంత. చలికాలం మోడైతది, ఏప్రిల్‌ల మళ్ళ పచ్చగైతది. కొమ్మ గోకి చూడండి, లోపల పచ్చిగనే ఉంటది."

"ఏప్రిల్ దాకా ఆయన ఆ మోడుని చూస్తూ కూర్చోవాలా? సాయంత్రం నేనొచ్చేసరికి అది అక్కడ ఉండకూడదు."

"అంకుల్‌కి చెప్పాల్నా?"

"చెప్పకు. పడుకున్నప్పుడు తీసెయ్."

అద్దె రూముల కోసం తనలాంటి పిల్లలు ఎలా తిరుగుతున్నారో నిఖిలకి తెలుసు. పార తీసుకుంది.

మిస్సిసాగా వేర్‌హౌస్‌లో రోజంతా మందుల డబ్బాలకి టేపు వేసింది దమయంతి. ఎన్నేళ్ళ అలవాటో, కళ్ళు మూసుకున్నా వెయ్యగలదు. ఇవాళ మాత్రం రెండుసార్లు టేపు వంకరపోయింది. ఫోన్ లాకర్‌లో ఉంది. పీడ వదిలిందిలే అని సర్దిచెప్పుకుంది.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. నిఖిల ఇంకా కాలేజీ నుంచి రాలేదు, బేస్‌మెంట్‌లో లైటు లేదు. వంటిల్లు చల్లగా ఉంది. వెనక తలుపు బార్లా తీసుంది.

"ఏమండీ..."

పెరట్లో, చెట్టు తవ్వేసిన గుంట పక్కన, కంచెకి ఆనుకుని కూర్చునున్నాడు వీరభద్రం. స్వెట్టరైనా వేసుకోలేదు. కునుకు తీస్తున్నట్టు తల ఒక పక్కకి వాలింది. దమయంతి చెయ్యి పట్టుకుంది. కంచె కన్నా చల్లగా ఉంది.

గుంట అంచున బాత్రూమ్ మగ్గు నిటారుగా పెట్టి ఉంది. అందులో నిండా నీళ్ళు. పైన అప్పుడే సన్నటి మంచు పొర కడుతోంది.